ఆయమ్మా... క్రెష్షా?

రాత్రి పదకొండు గంటలకి ఫోను మోగితే ఈ వయసులో గుండె గుభేలుమంటుంది. చూస్తే మా మేనకోడలు. ‘అత్తా... పడుకున్నావా?’ అంది. ఆ గొంతు వినగానే ఉన్న కాస్త నిద్రా ఎగిరిపోయింది.

‘ఇంకో మూడు వారాల్లో ఆఫీసుకెళ్లాలి అత్తా. అప్పటికి పాపకి ఐదు నెలలు నిండుతాయి. ఇంట్లో ఆయమ్మని పెట్టుకోనా? క్రెష్‌లో వెయ్యనా? ఏది మంచిదో నువ్వే చెప్పు.’

‘మీ ఆయనేమంటున్నాడు?’ అనడిగాను.

‘నీ ఇష్టం అంటున్నారు.’

నీ ఇష్టం! వినడానికి ఎంత ఉదారంగా ఉంటాయో, మొయ్యడానికి అంత బరువైన మాటలవి. నిర్ణయం బెడిసికొడితే నింద కూడా నీదేనని అర్థం కదా! అందుకే కాబోలు, అర్ధరాత్రి మేనత్తకి ఫోన్ చేసింది పిచ్చిపిల్ల.

ఇలాంటి ఫోను మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. లేదా మీరే ఎవరికో చేసి ఉంటారు. అందుకే ఈ వారం ఆ కబురే చెప్పుకుందాం.

అమ్మమ్మ ఉందిగా!

‘అమ్మమ్మ, నాయనమ్మ ఉండగా పరాయివాళ్లెందుకు?’ అని మనలో చాలామందికి నోటి చివర ఉండే మాట. ఉంటే అంతకన్నా భాగ్యం లేదు. కానీ మా వదినకి మోకాళ్ల ఆపరేషనై ఆరు నెలలు కాలేదు. తెనాలిలో ఉన్న అత్తగారేమో మంచం పట్టిన మామగారిని వదిలి కదల్లేదు. హైదరాబాద్‌లో మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో మిగిలింది ఆ ఇద్దరూ, పాపాయీ. అయినా అరవై ఏళ్లొచ్చిన మనిషిని పిలిచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాకే పిల్ల వెనక పరుగెత్తించడం ఎంతవరకు న్యాయం? ప్రేమతో వచ్చి నాలుగు నెలలుండటం వేరు. రెండేళ్లు కట్టిపడెయ్యడం వేరు.

ఇంకో మాట. ఐదు నెలలకే ఎందుకెళ్లాలి అనకండి. 2017లో చట్టం సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి 12 వారాలున్న ప్రసూతి సెలవుని 26 వారాలు చేశారు. అందులో 8 వారాల వరకు కాన్పుకి ముందే వాడుకోవచ్చు. కాళ్లు వాచి, నడుం నొప్పితో మావాడి పిల్ల నాలుగు వారాలు ముందే వాడేసుకుంది. మిగిలింది 22. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కకీ ఈ లెక్కకీ మధ్య పడిన ఆ నెల రోజులే తల్లి గుండెలో ముల్లు.

అదే సవరణలో ఇంకోటి ఉంది. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. ‘మీ ఆఫీసులో అడిగావా?’ అంటే మా పిల్ల తెల్లబోయింది. అడగలేదట. ముందు అడగండి. ఉంటే సగం బెంగ అక్కడే తీరుతుంది.

నా అనుభవం

నాకీ సమస్య 1998లో వచ్చింది. విజయవాడలో ఓ ప్రైవేటు సంస్థలో ఉద్యోగం. మా అమ్మ ఏడు నెలల దాకా ఉండి, తమ్ముడి పెళ్లి పనులకని వెళ్లిపోయింది. మా వీధి చివర ఒకావిడ ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేది. ఇల్లు అద్దంలా ఉండేది. ఆవిడ మాట తేనె. ఇంకేం కావాలి? చేర్పించేశాను.

ఇరవై రోజులు గడిచాయి. ఓ మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయి తొందరగా పంపించేశారు. వెళ్లి చూద్దును కదా... ముందు గది అద్దంలాగే ఉంది. వెనక గదిలో ఏడుగురు పిల్లలు టీవీ ముందు. మా అమ్మాయి తడిసిన లంగోటీతో గోడవైపు తిరిగి ఎక్కిళ్లు పెడుతోంది. చూసుకుంటున్నది పదమూడు పద్నాలుగేళ్ల పనిపిల్ల. ఆవిడ పేరంటానికెళ్లింది.

నేను చూసింది ముందు గది. నా బిడ్డ ఉన్నది వెనక గదిలో. ఆ తేడా అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత దొరికింది ఆయమ్మ. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తురాలు. నాలుగేళ్లు మా ఇంట్లో మనిషైపోయింది. మరి ఇంకేం, సుఖాంతమే కదా అంటారా? కాదు. రెండు నెలలయ్యేసరికి నేను ఆఫీసు నుంచొచ్చి చేతులు చాస్తే, మా అమ్మాయి ముఖం తిప్పుకుని ఆయమ్మ భుజం మీద తల దాచుకుంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మర్నాడు ఆయమ్మ మీద ఉత్తిపుణ్యానికి విసుక్కున్నాను కూడా.

ఇప్పుడనిపిస్తుంది, అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఏముంటుంది? పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి నన్ను చూడగానే అంటుకుపోయే పిల్ల కావాలా, చూసుకునే మనిషి దగ్గర హాయిగా ఉన్న పిల్ల కావాలా? పసిపిల్లల మనసులో ఒక్కరికే చోటుండదు. అమ్మ, నాన్న, అమ్మమ్మ, ఆయమ్మ... నలుగురితోనూ బంధం వేసుకోగలరు. ఇంకొకరొస్తే అమ్మ స్థానం ఎక్కడికీ పోదు.

ఎందులో ఏముంది?

ఆయమ్మ దగ్గర పాప తన ఇంట్లోనే, తన ఊయలలోనే ఉంటుంది. నిద్రొచ్చినప్పుడు నిద్ర, ఆకలేసినప్పుడు పాలు. ఒక బిడ్డకి ఒక మనిషి. ట్రాఫిక్‌లో తిప్పక్కర్లేదు. జలుబులూ దగ్గులూ తక్కువ. కానీ తలుపు వేసుకున్నాక లోపల ఏం జరుగుతోందో చూసే మరో కన్ను లేదు. ఆవిడ మానేస్తే మళ్లీ మొదటికి.

క్రెష్‌లో ఆ కళ్లుంటాయి. ఒకరు రాకపోతే ఇంకొకరుంటారు. వేళకి తెరుస్తారు, వేళకి మూస్తారు. ఏడాది దాటాక తోటిపిల్లలు తోడవుతారు. కానీ ఐదు నెలల పసిగుడ్డుకి స్నేహితులతో పనేముంది? దానికి కావలసింది ఒడి. ఆ ఒడి ఎంతమందికి పంచుతున్నారన్నదే ప్రశ్న. పైగా క్రెష్‌కెళ్లే పిల్లలకి మొదటి ఏడాది జలుబులు ఎక్కువే. అలా ముందే రొంపలు పడిన పిల్లలకి బళ్లో చేరాక అవి తగ్గుతాయని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. అయితే ముక్కుదిబ్బడతో పాప నిద్రపోని రాత్రి మనకి అధ్యయనాలు గుర్తురావు!

ఈ విషయం మీద అమెరికాలో పెద్ద పరిశోధనే జరిగింది. అక్కడి జాతీయ శిశు ఆరోగ్య సంస్థ 1991 నుంచి వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించింది. తేలిందేమిటంటే... చూసుకునేవాళ్లు బిడ్డతో ఎంత మాట్లాడతారు, పిలిస్తే ఎంత పలుకుతారు అన్నది లెక్కలోకొస్తుంది. అలాంటి మంచి సంరక్షణలో పెరిగిన పిల్లలకి మాటలూ తెలివితేటలూ కాస్త మెరుగ్గా ఉన్నాయి. క్రెష్‌లో మరీ ఎక్కువ గంటలు గడిపిన పిల్లల్లో పెంకితనం కొంచెం ఎక్కువ కనిపించింది. అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం మాత్రం ఇంటిదే, అమ్మానాన్నలదే. రోజుకి తొమ్మిది గంటలు దూరంగా ఉండి కుమిలిపోయే తల్లులు ఆ చివరి ముక్క రెండుసార్లు చదువుకోండి.

వెనక గది చూడాలంటే...

మా మేనకోడలికి ఫోన్‌లో చెప్పి, కాగితం మీద రాయించిన సంగతులివి. కావాలంటే కత్తిరించి దాచుకోండి.

క్రెష్ అయితే:

- ఏడాదిలోపు పిల్లలు ఎంతమందికి ఒక మనిషి ఉన్నారో అడగండి. ఇంగ్లండ్‌లో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒకరుండాలని నిబంధన. మన దగ్గర అంత దొరక్కపోవచ్చు. కానీ ఒకేసారి ఇద్దరు ఏడిస్తే ఏం చేస్తారో అడగడానికి మొహమాటమెందుకు?
- చెప్పకుండా వెళ్లండి. మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఐదున్నరకి. తల్లిదండ్రుల్ని గుమ్మం దాటనివ్వని చోట బిడ్డని దాటించకండి.
- డైపర్లు మార్చే చోటూ, పాలు కలిపే చోటూ వేరుగా ఉన్నాయా? మధ్యలో చేతులు కడుగుతున్నారా?
- పిల్లల్ని వెల్లకిలా పడుకోబెడుతున్నారా? ఎవరి పక్క వాళ్లకుందా?
- టీవీ, ఫోను చూపిస్తారా? రెండేళ్లలోపు పిల్లలకి అసలు తెర వద్దన్నది మన పిల్లల వైద్యుల సంఘం మాట.
- ఆయాలు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు? మూణ్నెల్లకొకరు మారే చోట పాప ఎవరికి అలవాటు పడాలి?
- ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా? ఆఫీసు దగ్గరైతే పాలివ్వడానికి వెళ్లొచ్చు, కానీ పాప రోజూ రెండుపూటలా ట్రాఫిక్‌లో నలగాలి. ఇంటి దగ్గరైతే మీరు ఆలస్యమైన రోజు ఎవరు తీసుకొస్తారో ముందే అనుకోవాలి.

ఆయమ్మ అయితే:

- ఇంతకుముందు పనిచేసిన ఇంటివాళ్లతో మాట్లాడండి. ‘మళ్లీ దొరికితే పెట్టుకుంటారా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వడం మర్చిపోకండి.
- ఉద్యోగంలో చేరడానికి కనీసం రెండు వారాల ముందు పనిలోకి రమ్మనండి. లంగోటీ మారుస్తూ పాపతో కబుర్లు చెబుతోందా, గోడతో పనున్నట్టు మౌనంగా ముగిస్తోందా చూడండి.
- పాపని చూస్తూనే అంట్లు తోమి, వంటచేసి, బట్టలు మడతపెట్టాలంటే ఏదో ఒకటి సరిగా జరగదు. అది అంట్లు కాకపోవచ్చు.
- ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, తనకి తోచిన మందు పట్టించొద్దు అని నచ్చజెప్పండి. పొలమారితే, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో, 108కి ఏం చెప్పాలో గోడ మీద రాసిపెట్టండి.
- కెమెరా పెడితే పెట్టామని చెప్పండి. దొంగచాటుగా చూస్తే ఆవిడకి మీ మీద, మీకు ఆవిడ మీద ఉన్న నమ్మకం పోతుంది.

ఏదైనా సరే, పాపని కొత్త చేతులకి ఒక్కరోజులో అప్పగించకండి. ఏడెనిమిది నెలలకి పిల్లలకి కొత్త తెలుస్తుంది. అమ్మ కనపడకపోతే గుక్కపెట్టడం ఏడాది, ఏడాదిన్నర మధ్య మరీ ఎక్కువ. ఒక గంట, రెండు గంటలు, ఒక పూట... అలా అలవాటు చెయ్యండి. వెళ్లేటప్పుడు దొడ్డిదారిన జారుకోకుండా, ముద్దుపెట్టి చెప్పి వెళ్లండి. ఏడుస్తుంది, నిజమే. కానీ అమ్మ చెప్పే వెళుతుంది, తిరిగి వస్తుంది అన్నది తెలుసుకుంటుంది.

పన్నెండో రోజు

కాగితమంతా నింపుకుని, మూడు క్రెష్‌లు తిరిగి, చివరికి మా పిల్ల ఆయమ్మకే మొగ్గింది. పాలమూరు వైపు నుంచొచ్చిన పాతికేళ్ల అమ్మాయి. పాప రెండ్రోజుల్లోనే మాలిమైపోయింది. ‘నీ చెయ్యి మంచిదత్తా’ అని నాకు మెచ్చుకోళ్లు కూడా!

ఉద్యోగంలో చేరిన పన్నెండో రోజు పొద్దున్నే మళ్లీ ఫోను. ఈసారి కోపం. ‘ఏడున్నరకి ఫోన్ చేసి రానంటోంది అత్తా! తొమ్మిదిన్నరకి నాకు మీటింగు. వీళ్లకి బాధ్యతే ఉండదు.’

‘ఎందుకు రానంది?’

‘పిల్లాడికి జ్వరమట. రాత్రంతా నిద్రలేదట.’

ఓ నిమిషం ఆగి అడిగాను. ‘మన పాపకి జ్వరమొస్తే నువ్వు ఆఫీసుకెళ్తావా?’

అటువైపు చప్పుడు లేదు.

నాకు తగలాల్సిన దెబ్బ నాకెప్పుడో తగిలింది కాబట్టి ఆ మాట అడగగలిగాను. నాలుగేళ్లు మా అమ్మాయిని సాకిన ఆయమ్మని, ‘నీ కొడుకు ఎవరి దగ్గరుంటాడు?’ అని నేనడిగింది ఏడాది తర్వాత. ఊళ్లో వాళ్లమ్మ దగ్గరట. పండగలకి చూసొస్తుందట. నా బిడ్డ నన్ను చూసి ఒక్కసారి ముఖం తిప్పుకుంటే అన్నం మానేసినదాన్ని... ఆవిడ బిడ్డ ఆవిడని చూసి ఎన్నిసార్లు ముఖం తిప్పుకున్నాడో!

మన బిడ్డ కోసం ఒక తల్లిని పిలుస్తున్నాం. మరి ఆ తల్లి బిడ్డ? ఢిల్లీలో కూలిపనులు జరిగే చోట మట్టిలో పడుకున్న పసివాళ్లని చూసి మీరా మహాదేవన్ 1969లో మొబైల్ క్రెష్‌లు మొదలుపెట్టారు. 1975లో అంగన్‌వాడీలొచ్చాయి. కానీ వాటిలో ఆటపాటల చదువు మూడేళ్లు నిండిన పిల్లలకే. ఆరు నెలల వాళ్లనీ చూసుకునే అంగన్‌వాడీ క్రెష్‌లు ‘పాల్నా’ పథకం కింద పెడుతున్నారు. అవి ప్రతి బస్తీకీ రావాలి. మా మేనకోడలి ఆయమ్మ కొడుక్కి రెండేళ్లు. పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలొస్తోంది.

జ్వరం రోజు ఎవరిది?

ఆ పొద్దున మా మేనకోడలికి అర్థమైనదీ, మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నదీ ఒక్కటే. ఆయమ్మ పిల్లాడికి జ్వరమొస్తే ఆయమ్మ రాదు. పాపకి జ్వరమొస్తే క్రెష్ రానివ్వదు. మామూలు రోజులు ఎలాగూ గడుస్తాయి. ఏది ఎంచుకున్నా, ఆ జ్వరం రోజు ఎవరిదో తేల్చుకోకపోతే ఎంపిక సగమే అయినట్టు. తేల్చుకోని ఇళ్లలో ఆ రోజు ఎప్పుడూ అమ్మదే అవుతుంది. సెలవులన్నీ అలా కరిగిపోయి, చివరికి ‘ఉద్యోగం మానెయ్యరాదూ’ అనే దగ్గరికి వస్తుంది కథ. ఉద్యోగం మానడం తప్పేం కాదు. ఇష్టపడి మానాలి, అలిసిపోయి కాదు.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అల్లుణ్ని కూర్చోబెట్టి, ‘నీ ఇష్టం అన్నావట కదా బాబూ, ఇందులో నీ వాటా ఎంత?’ అనడిగాను. నవ్వేశాడు పాపం. కానీ మంచివాడు. ఇద్దరూ కూర్చుని కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించారు. మొదటి జ్వరం సెలవు నాన్నది, రెండోది అమ్మది. శుక్రవారాలు నాన్న ఇంటి నుంచి పని. వీధి చివర క్రెష్‌లో రోజు లెక్కన తీసుకుంటారు కాబట్టి, నెలకి నాలుగు పూటలు పాపని అక్కడికీ అలవాటు చేస్తారు. ఆయమ్మకి వారానికో రోజు సెలవు, నెలకి రెండు రోజులు జీతం కోయని సెలవు. సాయంత్రం ఆరైతే ఇంటికి పంపెయ్యడం. ముసలమ్మ ఊళ్లో లేని రోజు పిల్లాడిని వెంట తెచ్చుకోవచ్చు.

నెల దాటింది. మొన్న చూసొచ్చాను. పాప బోర్లా పడిందని బొబ్బట్లు చేశారు. నాకిచ్చినట్టే ఆయమ్మ కొడుక్కీ ఓ డబ్బా కట్టిచ్చారు. వాడు అక్కడే సగం తినేశాడు.

ఆ డబ్బా చూస్తే మా అమ్మాయి తొలి అడుగు గుర్తొచ్చింది. అప్పట్లో ఓ శుక్రవారం సాయంత్రం ఆయమ్మ, ‘రేపో ఎల్లుండో అడుగేసేట్టుంది అమ్మగారూ, కనిపెట్టి ఉండండి’ అంది. శనివారం నాకు సెలవు. నా కళ్లముందే రెండడుగులేసి నా ఒళ్లో పడింది. ఎంత మురిసిపోయానో! వీధంతా అరిసెలు పంచాను.

అసలు సంగతి మా అమ్మాయి పెళ్లిలో చెప్పింది ఆయమ్మ, నోటికి కొంగు అడ్డంపెట్టుకుని నవ్వుతూ. ‘గురువారమే ఏసింది అమ్మగారూ. తల్లి చూడకుండా నేను చూశానంటే మీ మనసు కష్టపడుద్దని చెప్పలా.’

అలాంటి మనిషి మీకు ఇంట్లో దొరికినా, క్రెష్‌లో దొరికినా... వదులుకోకండి. ఆవిడ బిడ్డ ఎవరి దగ్గరున్నాడో అడగడానికి మాత్రం నాలా ఏడాది తీసుకోకండి.